కాటన్ దొర పూర్వీకుల ఇంటి దాకా

లండన్ వెళ్లిన గోదావరి జిల్లాల వాళ్లు డార్కింగ్‌లో కాటన్ దొర సమాధికి దండం పెట్టుకుని వచ్చేస్తుంటారు. మా ఆవిడది ఆయన ఆనకట్ట కట్టిన ధవళేశ్వరం. ఆయన వంశం ఎక్కడిదో కూడా చూడాల్సిందేనని పట్టుబట్టింది.

డార్కింగ్ సులువు. వాటర్లూలో రైలెక్కితే గంటలోపే దిగుతాం. ఆయన 1899లో పోయింది ఈ ఊళ్లోనే. శ్మశానానికి టికెట్ లేదు. సమాధి ఫొటో ముందే ఫోన్లో పెట్టుకుంటే రాళ్ల మధ్య వెతుకులాట తప్పుతుంది.

కాగితాల పిచ్చి ఉంటే బ్రిటిష్ లైబ్రరీకి ఒక రోజు కేటాయించండి. ఈస్టిండియా కంపెనీ రికార్డులు అక్కడే ఉన్నాయి. రీడర్ పాస్ ఉచితం. గుర్తింపు, అడ్రస్ రుజువులు కావాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. పాత పుస్తకాన్ని మెత్తటి దిండు మీద ఆనించి, పేజీలు లేవకుండా బరువైన దారం వేసి చదవాలి. ఇంగ్లండ్‌లో సర్కారు జనన నమోదు 1837 జూలైలో మొదలైంది. కాటన్ పుట్టింది 1803లో. అలాంటి వాళ్లకు చర్చి రిజిస్టర్లే దిక్కు. డబ్బు కట్టించుకునే వంశవృక్షం సైట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది చెషైర్‌లోని కాంబర్‌మియర్ ఆబీ. యూస్టన్ నుంచి క్రూ, అక్కడ రైలు మారి విట్‌చర్చ్, ఆపైన టాక్సీ. మన దొర వంశం వాళ్ల ఇల్లు ఇదే, ఒకప్పటి క్రైస్తవ మఠం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక జార్జ్ కాటన్‌కి దక్కింది. 1919లో అమ్మేదాకా ఆ కుటుంబానిదే. భరత్‌పూర్ కోట పట్టుకున్న లార్డ్ కాంబర్‌మియర్ మన దొరకి పెదనాన్న కొడుకు! లోపల చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఆవరణలోని కాటేజీల్లో ఉండొచ్చు కానీ మా బడ్జెట్‌కి అందలేదు. విట్‌చర్చ్‌లో పబ్ పైన గది తీసుకున్నాం. పక్కలు బాగున్నాయి, కింద గోల మాత్రం రాత్రి పదకొండు దాకా తగ్గలేదు. శాకాహారులకి చిప్స్, బీన్సే గతి. పులిహోర పొడి వెంట ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంటిపేరు సంగతి: దీనికి పత్తితో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెల చోటుని అలా పిలిచేవారు. అదే ఊరిపేరై, ఊరిపేరు ఇంటిపేరైంది, మన కాకర్ల వాళ్లకి లాగే. ఇబ్బంది ఒకటుంది: ఇంగ్లండ్‌లో ఆ పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి కాటన్‌లందరూ ఒకే వంశం అనుకోకూడదు.

ఒక్క రోజే ఉంటే డార్కింగ్ చాలు. రెండు రోజులుంటే లైబ్రరీ మానేసి విట్‌చర్చ్ వెళ్లండి, ఆదివారం మాత్రం వద్దు.