సోయాకు రైజోబియం కల్చర్: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయాకు ఏటా వాడుతున్న సరుకు ఇది. చవక, పని చేస్తుంది. అయితే ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న బాక్టీరియా; సోయా వేర్ల మీద బుడిపెలు కట్టించి, వాటిలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేది అదే. దుకాణంలో ఎండ తగిలే చోట పెడితే అక్కడే చచ్చిపోతుంది. గడువు తేదీ చూస్తే చాలదు, ఎక్కడ నిల్వ ఉంచారో కూడా చూసి కొనండి. ప్యాకెట్ మీద బ్రాడీరైజోబియం జపానికం అని, అంటే సోయాకు సరిపడే బాక్టీరియా పేరు, ఉండాలి. కందికిచ్చే కల్చర్ సోయాకు పనికిరాదు, కంది అంతరపంటగా వేసేవాళ్లు రెండూ విడిగా తెచ్చుకోవాలి.

ఎకరాకు 30 కిలోల విత్తనమైతే 200 గ్రాముల ప్యాకెట్లు మూడు కావాలి. 300 మి.లీ. నీళ్లలో 30 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారనివ్వాలి. గింజలను పరదా మీద పోసి, పాకం చిలకరించి, కల్చర్ పొడి చల్లి మెల్లగా కలపాలి. సోయా గింజ పొట్టు చాలా పల్చన. తడి ఎక్కువైనా, గట్టిగా రుద్దినా పొట్టు ముడతపడి ఊడుతుంది, మొలక పోతుంది. నీడలో ఆరబెట్టి అదే పూట విత్తేయాలి. శిలీంద్రనాశిని ముందు, పురుగుమందు తర్వాత, కల్చర్ చివర. ఈ వరుస తప్పితే డబ్బు దండగ.

అసలు పరీక్ష విత్తిన మూడు వారాలకు వస్తుంది. బుడిపెలు ఇంకా పని అందుకోకముందు ఆకు కాస్త పాలిపోతుంది. అది చూసి చాలామంది కంగారుపడి యూరియా చల్లుతారు. నేలలో నత్రజని సులువుగా దొరికితే మొక్క బుడిపెలను పోషించడం మానేస్తుంది, కల్చర్ ఖర్చు అక్కడితో వృథా. దుక్కిలో వేసిన బస్తా డీఏపీలోనే 9 కిలోల నత్రజని ఉంది, మొదట్లో అది చాలు. ఓపిక పట్టండి.

నెల దాటాక చూసుకోవాలి. మొక్కను పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడగండి. తల్లివేరు పైభాగంలో గుత్తులుగా ఉంటే మనం పట్టించిన కల్చర్ అందుకున్నట్టే. పక్కవేర్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే అవి చాలావరకు నేలలో ముందే ఉన్నవి. గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ, ఎరుపు రంగు కనబడాలి. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నత్రజని పట్టడం లేదు. చేలో నీరు నిలిచినా అంతే, బుడిపెకు గాలి ఆడదు. కాలువలు తీయకుండా కల్చర్‌ను తిట్టి లాభం లేదు.

ద్రవరూపంలో వచ్చేది పొడి కంటే సమంగా అంటుతుంది, విత్తే గొర్రు గొట్టాల్లో ముద్దకట్టదు. దొరికితే నా ఓటు దానికే. ఏటా సోయా వేసే చేలో తేడా అంతగా తెలియకపోవచ్చు. సోయా ఎరగని కొత్త చేలో మాత్రం కల్చర్ లేకుండా విత్తొద్దు.