లింకులు లాగే స్క్రిప్ట్ కొంటున్నారా? ఆగండి (అనంతపురం)

అనంతపురంలో నెట్ సెంటర్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు ఈ పోస్ట్. ఉద్యోగ నోటిఫికేషన్ల పేజీలోంచి లింకులన్నీ ఒక్క నొక్కుతో ఎక్సెల్‌లోకి తెచ్చే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) అంటూ ఊళ్లో ఒకాయన అమ్ముతున్నాడు. నేను 4,500 ఇచ్చి కొన్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

డెమో తన ల్యాప్‌టాప్‌లో, తన పేజీ మీదే చూపించాడు. టకటకా వచ్చేశాయి. షాపుకొచ్చి నాకు కావాల్సిన పేజీ ఇస్తే, కంటికి 38 లింకులు కనబడుతున్నా ఎక్సెల్‌లో 21 వరుసలే. ఒక గడిలోనైతే మూడు లింకులు, మధ్యలో పేజీ కోడ్ తాలూకు ట్యాగులు, అంతా కలిసి చాంతాడంత.

మా మేనల్లుడు ఫైల్ తెరిచి నవ్వాడు. సరుకంతా ఒకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఇలాంటి అక్షరాల వరుస ఎక్కడుందో వెతుకు అని చెప్పే నమూనా. హెచ్‌రెఫ్ (పేజీ కోడ్‌లో లింకు చిరునామా ముందుండే మాట), ఈక్వల్ టు, డబుల్ కోట్, డాట్ స్టార్, మళ్లీ డబుల్ కోట్. డాట్ స్టార్ అంటే ఏ అక్షరాలైనా, ఎన్నైనా అని. దానిది బకాసురుడి ఆకలి, ఆ వరుసలో చివరి కోట్ దాకా మింగేస్తుంది. పక్కన ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఉంటే మొదటి కోట్ దగ్గరే ఆగేది. అదీ పెట్టలేదు మహానుభావుడు. ఇక సింగిల్ కోట్స్‌లో ఉన్నవి, అసలు కోట్సే లేనివి, క్యాపిటల్ అక్షరాల్లో రాసినవి దాని కంటికి ఆనవు.

ఇంకో ఘోరం. పేజీ వాళ్లు పాత నోటిఫికేషన్‌ను తీసెయ్యకుండా పేజీ కోడ్‌లోనే కామెంట్‌గా మార్చి దాచారు. బ్రౌజర్ దాన్ని చూపించదు, ఈ స్క్రిప్ట్ తవ్వి తీసింది. అది నమ్మి గుత్తిలో ఉన్న పిల్లోడికి ఫోన్ చేసి పిలిపించాను. గడువు ఎప్పుడో అయిపోయింది. బస్సు చార్జీ నేనే ఇచ్చి పంపాను.

అమ్మినాయన్ని అడిగితే "ఏమన్నా, పేజీ రాసినోడు తప్పు రాస్తే నేనేం చేసేది" అన్నాడు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో సింగిల్ కోట్స్ తప్పేం కాదు.

ఎప్పుడూ ఒకే అచ్చులో వచ్చే పేజీకి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చాలు, కాదనను. రకరకాల పేజీలకు పార్సర్, అంటే పేజీ కోడ్‌ను దాని నిర్మాణం ప్రకారం చదివే ప్రోగ్రామ్ ఉండాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఆ పనికి వాడే బ్యూటిఫుల్ సూప్ ఉచితమే. మేనల్లుడు దాంతో పది వరుసలు రాశాడు. కామెంట్ జోలికి పోలేదు, 38కి 38 వచ్చాయి. సైటు పేరు లేకుండా అరకొరగా ఉన్న లింకులను పైథాన్‌లోనే ఉండే యూఆర్ఎల్‌జాయిన్‌తో పూర్తి చేశాడు. పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) తెచ్చే లింకులుంటే మాత్రం వాటిని ఇదీ పట్టుకోలేదు.

కొనేవాళ్లు మీ పేజీ మీదే నడిపించి, లింకులు లెక్కపెట్టుకున్నాకే డబ్బులు తీయండి. ఫైల్ తెరిచి చూపనంటే లేచి వచ్చేయండి. నాకు 1,500 తిరిగిచ్చాడు. మిగతాది సంక్రాంతి తర్వాత అంటున్నాడు, ఏ సంక్రాంతో చెప్పలేదు.