జాగ్రత్త: డిస్నీ ట్రిప్ ప్లానింగ్ సైటుకి డబ్బు కట్టే ముందు, అక్కడ పనిచేసే మనుషులు మిగిలారో లేదో చూసుకోండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. థాంక్స్‌గివింగ్‌కో డిసెంబరు సెలవులకో వెళ్తున్నవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి. మాకు జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదు.

మేము అట్లాంటా దగ్గర ఉంటాం. 2025 సెప్టెంబరులో తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలనీ, ఏడేళ్ళ పాపనీ, నాలుగేళ్ళ బాబునీ తీసుకుని మా ఆయనా నేనూ కారులో బయల్దేరాం. దాదాపు ఏడు గంటల ప్రయాణం. నాన్నకి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వీల్‌చెయిర్ మాటెత్తితే ఒప్పుకోరు. అమ్మకి బాణాసంచా అంటే ఈ వయసులో కూడా ప్రాణం. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కోట మీద రాత్రిపూట కాల్చే బాణాసంచా వీడియో మా పాప చూపించిన దగ్గర్నుంచీ "నాకు ఆ రైడులూ గీడులూ వద్దమ్మా, ఇదొక్కటి చూపిస్తే చాలు" అంటూనే ఉంది.

డిస్నీ వరల్డ్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడికి ఊరికే లేచి వెళ్ళిపోతే కుదరదు. నాలుగు పార్కులు, పార్కుని బట్టీ రోజుని బట్టీ ఒక్కరోజు టికెట్టే 2025లో 119 డాలర్ల నుంచి దాదాపు 200 దాకా ఉండేది. రెస్టారెంట్ కావాలంటే 60 రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది. పెద్ద క్యూలు తప్పించుకునే లైట్నింగ్ లేన్ బుకింగ్ డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి 7 రోజుల ముందు, బయట దిగినవాళ్ళకి 3 రోజుల ముందు, పొద్దున 7 గంటలకి తెరుచుకుంటుంది. ఏ రోజు ఏ పార్కుకి వెళ్ళాలి, ఏ రైడు ముందు ఎక్కాలి అన్నది లెక్కేసి చెప్పే సైట్లు అందుకే పుట్టాయి. ఏడాదికి 30 డాలర్ల లోపే తీసుకుంటాయి. టికెట్లకయ్యే ఖర్చు ముందు అదెంత అని అందరం కట్టేస్తాం.

నేను వాడిన సైటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పేది ఆ ఒక్క సైటు గురించే కాదు. అదీగాక 2022లో మా ఆయనా నేనూ పాపని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఆ సైటు మాకు బంగారంలా పనికొచ్చింది. స్ట్రోలర్ గురించి ఒక ప్రశ్న పంపితే మర్నాటికల్లా ఎవరో అమ్మాయి జవాబు రాసింది. ఫలానా రైడు దగ్గర క్యూ సగం ఎండలో ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి ఉరుములతో వాన పడుతుంది, రైన్‌కోట్ స్ట్రోలర్ కిందే పెట్టుకోండి అని. సరిగ్గా మూడింటికే వాన పడింది. ఆ అమ్మాయి అక్కడ నిలబడి చూసి రాసిందని ఆ జవాబు చదివితేనే తెలిసేది. అందుకే ఏటేటా కార్డు మీద దానంతట అది రెన్యూ అవుతున్నా పట్టించుకోలేదు. ఆ నమ్మకంతోనే ఈసారీ ప్లాన్ అక్కడే వేసుకున్నాను.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మేము ఎంచుకున్న రోజుకి ఆ సైటులో రద్దీ అంచనా పదికి 2 అని చూపించింది. నెల మొత్తంలో అంత తక్కువ రోజులు కొన్నే ఉన్నాయి. నాన్న మోకాళ్ళు తలుచుకుని కళ్ళు మూసుకుని ఆ రోజుకే టికెట్లు కొన్నాను.

పొద్దున అంతా బాగానే జరిగింది. జనం నిజంగానే తక్కువ. 11 గంటలకి ప్లాన్‌లో బిగ్ థండర్ మౌంటెన్ అనే రైడు ఉంది. వెళ్తే చుట్టూ అడ్డుగోడలు. అక్కడ పనిచేసే ఆయన్ని అడిగితే, రిపేర్ల కోసం జనవరిలోనే మూసేశాం అన్నాడు. జనవరిలో! మేము వెళ్ళింది సెప్టెంబరు. ఎండలో అంతదూరం నడిచి వచ్చినందుకు పాప ముఖం చిన్నబుచ్చుకుంది కానీ సర్దిచెప్పాం.

మధ్యాహ్నం రెండున్నరకి ప్లాన్‌లో 'పెద్దవాళ్ళకి విశ్రాంతి: లిబర్టీ స్క్వేర్ రివర్‌బోట్' అని ఉంది. నాన్నకి పొద్దుట్నుంచీ అదే చెప్తున్నాను. "కాసేపు ఓపిక పట్టండి నాన్నా, పడవలో కూర్చుంటే గాలి తగులుతుంది" అని. ఆయన చేతికర్ర మార్చి మార్చి పట్టుకుంటూ, మూడు చోట్ల ఆగుతూ వచ్చారు. అక్కడ పడవా లేదు, ఆ నదికి దారీ లేదు. గోడలే. ఆ పడవ, టామ్ సాయర్ దీవి, ఆ నది మొత్తం 2025 జూలై 7 నుంచి శాశ్వతంగా మూసేశారు. ఆ చోట కార్స్ సినిమా ఆధారంగా కొత్త ఏరియా కడుతున్నారు. డిస్నీ ఈ సంగతి దాదాపు ఏడాది ముందే చెప్పింది, వార్తల్లో అంతటా వచ్చింది. డబ్బు తీసుకుని ప్లాన్ వేసిచ్చిన సైటుకి మాత్రం రెండు నెలల తర్వాత కూడా అందలేదు. నాన్న ఏమీ అనలేదు. గోడ పక్కన ఉన్న బెంచీ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ "పర్లేదులే, ఇక్కడా నీడగానే ఉంది" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. ప్లాన్ ప్రకారం రాత్రి బాణాసంచా, దానికి కాస్త ముందే చోటు పట్టుకోండి అని సలహా. ఐదున్నరకే మెయిన్ స్ట్రీట్‌లో కోట ఎదురుగా అంచు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. అమ్మ బ్యాగులోంచి పొద్దున కలిపిన పులిహోర డబ్బా తీసి, మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుంది. బాణాసంచా చూస్తూ తిందామని. ఆరు కావస్తుంటే పార్కులో పనిచేసే ఒకావిడ నవ్వుతూ వచ్చి "మీ చేతికి బ్యాండ్లు ఉన్నాయా?" అని అడిగింది. ఏం బ్యాండ్లని అడిగాను. ఆ రాత్రి హాలోవీన్ పార్టీ. దానికి వేరే టికెట్టు. మామూలు టికెట్టు మీద వచ్చినవాళ్ళు 6 గంటలకి బయటికి వెళ్ళిపోవాలి. పార్టీ టికెట్లు ఉన్నాయా అంటే, ఈ రోజువి అయిపోయాయంది. పాపం ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది, ఆవిడ తప్పేమీ లేదు. అమ్మ డబ్బా మళ్ళీ బ్యాగులో పెట్టేసి "అయిపోయిందా అమ్మా?" అంది. పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆ వీధంతా మమ్మల్ని దాటుకుంటూ వేషాలు వేసుకున్న పిల్లలు లోపలికి వెళ్తున్నారు, మేము బయటికి నడిచాం.

దీని వెనక కిటుకు ఆ రాత్రి హోటల్లో కూర్చుని చూస్తే అర్థమైంది, మీరూ తెలుసుకోండి. ఆగస్టు నుంచి అక్టోబరు చివరిదాకా హాలోవీన్ పార్టీ, నవంబరు, డిసెంబరుల్లో క్రిస్మస్ పార్టీ, వారంలో కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జరుగుతాయి. బాణాసంచా చూడాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లో రారు కాబట్టి పగలు రద్దీ తక్కువగా ఉంటుంది. అంటే సైటు చూపించిన 2 అనే అంకె తప్పు కాదు. కరెక్టే. కానీ ఆ అంకె పక్కన 'ఈ రోజు పార్టీ ఉంది, రాత్రి బాణాసంచా మీకు ఉండదు' అని ఒక్క వాక్యం రాసే మనిషి అక్కడ లేరు. 2022లో ఇలాంటి రోజుల పక్కన అలాంటి నోట్ ఉండేది, నాకు బాగా గుర్తు. లెక్క కట్టే ప్రోగ్రాం అలాగే ఉంది. లెక్కకి అర్థం చెప్పేవాళ్ళు పోయారు.

ఇంటికొచ్చాక మెయిల్ పెట్టాను. మొదట ఆటోమేటిక్ జవాబు. ఆరు రోజుల తర్వాత ఒక మనిషి రాశారు, క్షమించమని అడుగుతూ. ఆ ఏడాది మొదట్లో జరిగిన కోతల తర్వాత తమ టీమ్ బాగా చిన్నదైందనీ, ప్లాన్లు చాలావరకు ఇప్పుడు వాటంతట అవే తయారవుతున్నాయనీ, మూసేసిన రైడులు తీసెయ్యడం ఆలస్యమవుతోందనీ దాపరికం లేకుండా చెప్పారు. అలా నిజం చెప్పినందుకు ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఉద్యోగం పోవడమంటే ఏమిటో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. హెచ్‌1బి మీద ఉండి లేఆఫ్ అయితే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. మా ఇంట్లోనే ఒకసారి ఆ 60 రోజుల టెన్షన్ పడ్డాం. కాబట్టి నా ఫిర్యాదు పోయినవాళ్ళ మీదా కాదు, మిగిలిన ఒకరిద్దరి మీదా కాదు. మనుషులని తీసేశాక కూడా అదే ధర తీసుకుంటూ, అవే ప్రకటనలు పెట్టుకుంటూ, కట్టేవాళ్ళకి ఒక్క మాట చెప్పని యాజమాన్యం మీద.

ఈ సైట్ల పని ఎంతమంది చేతుల మీద నడుస్తుందో కూడా చెప్పాలి. పార్కు బయట బోర్డు మీద 60 నిమిషాలు అని రాసినా నిజంగా పట్టేది 40 కావచ్చు. ఆ తేడా తెలియాలంటే ఎవరో ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ ఆ క్యూలో నిలబడాలి. స్కూళ్ళ సెలవులు, పార్క్ టైమింగ్స్, పార్టీ తేదీలు, రిపేర్లు ఎప్పటికప్పుడు ఎక్కించాలి. ఇందులో సగం మందిని తీసేస్తే సైటు మర్నాడే ఆగిపోదు. అందుకే ప్రమాదం. పేజీలు అంతే అందంగా తెరుచుకుంటాయి, అంకెలు అంతే ధీమాగా కనిపిస్తాయి. లోపల పాతబడుతున్న సంగతి మీరు అడ్డుగోడ ముందు నిలబడేదాకా తెలియదు.

డబ్బు కట్టేముందు నేనిప్పుడు ఏం చూస్తానంటే, ముందు లైట్నింగ్ లేన్ గురించి రాసిన పేజీ తెరుస్తాను. అక్కడ ఇంకా 'జీనీ ప్లస్' అని దాని పాత పేరే ఉంటే ఆ సైటు మూసేస్తాను, ఎందుకంటే ఆ పేరూ ఆ పద్ధతీ 2024 జూలై 24తో పోయాయి. తర్వాత మ్యాజిక్ కింగ్‌డమ్ ప్లాన్‌లో రివర్‌బోట్ పెట్టుకోనిస్తుందా అని చూస్తాను. పెట్టుకోనిస్తే ఇక చెప్పేదేముంది. ఆ తర్వాత కట్టకముందే ఒక చిన్న ప్రశ్న మెయిల్ చేస్తాను. మనిషి రాసిన జవాబు మూడు రోజుల్లో రాకపోతే, ట్రిప్ మధ్యలో ఇబ్బంది వస్తే ఆదుకునేవాళ్ళు అక్కడ లేరనే లెక్క. 2022లో ఆ సైటులో 'మా టీమ్' అని ఫోటోలతో పెద్ద పేజీ ఉండేది. ఇప్పుడు వెతికితే ఆ పేజీయే లేదు. ఇది నేను ముందే చూసి ఉండాల్సింది.

ఇంకో మాట. ఇలా టీమ్‌ని కుదించుకున్న కంపెనీలు కొన్నిసార్లు మూడేళ్ళకో జీవితాంతానికో ఒకేసారి కట్టమని డిస్కౌంట్ ఇస్తాయి. కట్టకండి. నెలకైతే నెలకే తీసుకోండి, ట్రిప్ అవ్వగానే ఆటో రెన్యూవల్ ఆపేయండి. నాకు రెన్యూవల్ అయిన 14 రోజుల్లోపు అడిగితేనే రీఫండ్ అన్నారు. అది ఎప్పుడో దాటిపోయింది. చెప్పిన సేవ అందకపోయినా, తప్పుగా ఛార్జ్ పడినా క్రెడిట్ కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే హక్కు అమెరికా చట్టంలో ఉంది, ఆ ఛార్జ్ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా వాళ్ళకి అందాలి. మీది ఇంకా ఆ గడువులో ఉంటే ఇవాళే చెయ్యండి.

సైటు ఏం చెప్పినా సరే, టికెట్లు కొనే ముందు డిస్నీ సొంత క్యాలెండర్‌లో ఆ తేదీ మీద నొక్కి పార్క్ ఎన్నింటికి మూస్తారో చూడండి. మ్యాజిక్ కింగ్‌డమ్ 6 గంటలకే మూస్తారని ఉంటే అది పార్టీ రోజు. నేను ఈ ఒక్క పని చెయ్యలేదు, అది నా తప్పే, ఒప్పుకుంటాను. క్యూలు ఎంతసేపు పడుతున్నాయో, ఏ రైడు మూసేశారో డిస్నీ యాప్‌లోనే ఉచితంగా కనిపిస్తుంది. మనిషి సాయమే కావాలంటే డిస్నీ గుర్తింపు ఉన్న ట్రావెల్ ఏజెంట్లు ఉన్నారు. వాళ్ళకి కమిషన్ డిస్నీ ఇస్తుంది కాబట్టి చాలామంది మన దగ్గర విడిగా ఏమీ తీసుకోరు. మన భోజనం సంగతికొస్తే బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు డబ్బాలు మాత్రం వద్దు. పులిహోర, దద్దోజనం నిశ్చింతగా పట్టుకెళ్ళండి.

పెద్దవాళ్ళని కూర్చోబెట్టడానికి పడవ లేకపోయినా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో చోట్లున్నాయి. టుమారోలాండ్‌లో కెరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అని ఒకటుంది, 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం తయారైనది. దాదాపు 20 నిమిషాలు ఏసీలో కుర్చీలో కూర్చోవడమే, హాలే మెల్లగా తిరుగుతుంది. దాని పక్కనే ఉన్న పీపుల్‌మూవర్ కూడా బాగుంటుంది కానీ కదులుతున్న ప్లాట్‌ఫారం మీద నడిచి ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. మాకు పడవ దొరక్కపోయాక ఒక ముసలాయన, పార్కు ఉద్యోగే, నాన్న కర్ర చూసి ఆ మొదటిదాని గురించి చెప్పాడు. నాన్న లోపలికెళ్ళి కూర్చుని, వెనకటి అమెరికా వంటిల్లు చూస్తూ "మా నాయనమ్మ వాళ్ళింట్లో రుబ్బురోలు కూడా ఇట్లానే మూల ఉండేది" అని అమ్మకి చెప్పారు. ఆ రోజు మొత్తంలో నాన్న నవ్వింది అక్కడొక్కచోటే.