స్కోపు కొనేవాళ్ళు జాగ్రత్త: ఫోటోలో ఒక రెటికిల్, పెట్టెలో ఇంకో రెటికిల్

ఫోన్ పెట్టేసి పావుగంట కూడా కాలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపం చల్లారాక రాద్దామంటే సగం మర్చిపోతాను, అందుకే ఇప్పుడే కూర్చున్నాను. సెల్లర్ పేరు రాయడం లేదు. రైఫిల్ స్కోపుల కోసం ఆన్‌లైన్‌లో కాస్త వెతికినవాళ్ళకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. ఏది అడిగినా రెండు నిమిషాల్లో జవాబు, ప్రతి మాట చివరా "సార్". డబ్బు ముట్టేదాకా మర్యాదకి లోటు లేదు.

నాకేం కావాలో విడమరిచి చెప్పాను. నాకున్నది ఒకటే రైఫిల్, 308 విన్‌చెస్టర్. దాంతోనే రేంజ్‌లో 100 నుంచి 300 మీటర్ల దాకా టార్గెట్ కాలుస్తాను, అనుమతి ఉన్న సీజన్‌లో వేటకీ అదే పట్టుకెళ్తాను. రెండు పనులకీ ఒకే స్కోపు కావాలి. 4 నుంచి 16 రెట్ల జూమ్, 50 మిల్లీమీటర్ల ముందు అద్దం, ఎఫ్ఎఫ్‌పీ (జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గే రకం) రెటికిల్, అంటే గురి చూసుకునే గీతలు, వాటి మధ్యలో ఎర్రగా వెలిగే చుక్క. రెటికిల్ గీతలు మిల్‌లో (ఇదొక కోణం కొలత) ఉంటే టరెట్, అంటే గురి సర్దే నాబ్, క్లిక్కులు కూడా మిల్‌లోనే ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, టార్గెట్‌కీ వేటకీ కావాల్సిన గీతలు ఒకదానికొకటి పడవు. టార్గెట్‌కి సన్నటి గీత కావాలి, గురి పెట్టిన చోటుని అది కప్పేయకూడదు. వేటకి లావు గీత కావాలి, మసక వెలుతురులో కన్ను దాన్ని వెతుక్కునే పని ఉండకూడదు. లూపోల్డ్ కంపెనీ 1962లో తెచ్చిన డూప్లెక్స్ రెటికిల్ అందుకే అంతగా నిలబడిపోయింది: అంచుల్లో లావు, మధ్యలో సన్నం. జర్మన్ నంబర్ 4 అనే రెటికిల్‌లో మూడు లావు కడ్డీలు కన్నుని మధ్యకి లాక్కొస్తాయి. రెండు పనులకీ ఒకటే కావాలంటే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. ఎఫ్ఎఫ్‌పీలో జూమ్ తగ్గిస్తే బొమ్మతో పాటు గీతలూ సన్నబడతాయి, కాబట్టి పొద్దు వాలాక వెలిగే చుక్క లేకపోతే పని జరగదు. ఇదంతా రోజుల తరబడి ఆలోచించుకునే అడిగాను.

"అన్నీ ఉన్నాయి సార్, వేటకైనా టార్గెట్‌కైనా ఇదొక్కటి చాలు" అన్నాడు. ఎఫ్ఎఫ్‌పీయేనా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అవునన్నాడు. ఫోన్‌లో అన్నాడు, రాసివ్వలేదు. రాసివ్వమని నేనూ అడగలేదు. పెట్టిన ఫోటోలో ఎర్ర చుక్క చక్కగా వెలుగుతోంది, గీతలు స్పష్టంగా ఉన్నాయి. డబ్బు పంపేశాను.

పెట్టె వచ్చింది. మోడల్ నంబర్ అదే, చివరి రెండక్షరాలు మాత్రం వేరు. రెటికిల్ రకం చెప్పేది ఆ రెండక్షరాలే అని నాకు అప్పుడు తట్టలేదు. కానీ విప్పగానే ఒకటి గమనించాను: లైటు తిప్పే నాబ్ లేదు. బ్యాటరీ పెట్టే చోటే లేదు. వెంటనే ఫోన్ చేశాను. ఈ ముక్క కాస్త శ్రద్ధగా చదవండి, నేను మోసపోయింది ఇక్కడే. "సార్, లైటు లేకపోయినా ఈ గీత నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్కసారి ఫిట్ చేసి కాల్చి చూడండి సార్. నచ్చకపోతే వెనక్కి పంపేయండి, నేను తీసుకుంటాను" అన్నాడు. నమ్మాను. రింగులు బిగించాను.

మొదట వేటకి తీసుకెళ్ళాను. సూర్యుడు దిగిపోయి ఇరవై నిమిషాలై ఉంటుంది. పొద ముందుకి అడవిపంది వచ్చి నిలబడింది, 80 మీటర్లు ఉంటుందేమో. స్కోపులో పంది కనిపిస్తోంది, గీత కనిపించడం లేదు. నల్లటి ఒంటి మీద వెంట్రుకంత నల్ల గీత. పక్కనున్న లేతగడ్డి మీదికి జరిపితే కనిపిస్తుంది, పంది మీదికి తెస్తే మాయమవుతుంది. జూమ్ 6కి దించాను. బొమ్మ వెలుగొచ్చింది కానీ గీత మాత్రం దొరకలేదు. భుజం ఇక్కడుంటుందని అంచనా వేసి కాల్చేయొచ్చు. గురి తప్పి కడుపులో తగిలితే ఆ ప్రాణి రాత్రంతా పొదల్లో పడి కొట్టుకుంటుంది. ఆ పని నేను చేయను. రైఫిల్ దించేశాను. అది నిదానంగా పొదలోకి వెళ్ళిపోయింది.

సరే, వేటకి పనికిరాకపోయినా టార్గెట్‌కైనా వస్తుందిలే అనుకుని రేంజ్‌కి వెళ్ళాను. 100 మీటర్ల జీరో (గురి పెట్టిన చోటే తూటా పడేలా సర్దడం) 16 రెట్ల మీద చేశాను. క్లిక్కులు లెక్కపెట్టలేదు, తూటా మధ్యలో పడేదాకా తిప్పుతూ పోయాను. గ్రూప్ బాగా వచ్చింది, తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయి. సంతోషపడ్డాను కూడా. తర్వాత 300 మీటర్ల బోర్డుకి మారాను. అప్పటికి ఎండెక్కింది, ఎండమావి మొదలై 16 రెట్లలో బోర్డు నీళ్ళల్లో ఉన్నట్టు ఊగుతోంది. అలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను, జూమ్ 8కి తగ్గించాను. నా తూటాకి ఆ దూరంలో 1.4 మిల్ పైకి పట్టాలి. రెటికిల్ మీద 1.4 చూసుకుని పట్టి మూడు కాల్చాను. బోర్డు మీద ఒక్క చిల్లు లేదు. వెనక మట్టికట్ట మీద, బోర్డుకి పైన దుమ్ము లేచింది.

గీత వద్దు, టరెట్‌తోనే చూద్దామని 14 క్లిక్కులు తిప్పి మధ్యలో పట్టి కాల్చాను. ఈసారి మూడూ కిందికి పడ్డాయి, దాదాపు 11 సెంటీమీటర్లు. గీతతో పడితే పైకి, టరెట్ తిప్పితే కిందికి. రైఫిల్ పాడైందా, మౌంట్ వదులైందా, నా చేతిలోనే ఏదైనా తేడా వచ్చిందా అని ఒకటే టెన్షన్. స్క్రూలన్నీ మళ్ళీ చూశాను, అన్నీ బిగుతుగానే ఉన్నాయి.

పక్క బెంచీ దగ్గర కాలుస్తున్న పెద్దాయన అంతా చూస్తూనే ఉన్నారు. రైఫిల్ ఖాళీ చేయించి, "తమ్ముడూ, బోర్డునే చూస్తూ జూమ్ మెల్లగా తిప్పు" అన్నారు. తిప్పాను. 16 నుంచి 12, 8, 4. బోర్డు చిన్నదవుతూ పోయింది. గీతలు మాత్రం అంగుళం కదల్లేదు, గాజు మీద అతికించినట్టు అలాగే ఉన్నాయి. ఎఫ్ఎఫ్‌పీ అయితే బోర్డుతో పాటు గీతలూ చిన్నవవ్వాలి. నా చేతిలో ఉన్నది ఎస్ఎఫ్‌పీ, జూమ్ మార్చినా గీతలు మారని రకం. ఆయన కళ్ళజోడు సర్దుకుని టరెట్ మూత కిందున్న సన్న అక్షరాలు చదివారు: క్లిక్‌కి పావు ఎంఓఏ. అది మిల్ కాదు, ఇంకో కోణం కొలత.

లెక్క అక్కడే తేలిపోయింది. 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 300 దగ్గర 30. ఎస్ఎఫ్‌పీలో గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం, దీనికి అది 16. జూమ్ సగానికి తగ్గిస్తే గీతల మధ్య పట్టే బోర్డు దూరం రెట్టింపవుతుంది. 8 మీద నేను 1.4 అనుకుని పట్టింది నిజానికి 2.8. అంటే 42 సెంటీమీటర్లు ఎక్కువ, అందుకే బోర్డు దాటిపోయింది. ఇక క్లిక్కులు. మిల్ టరెట్ అయితే 14 క్లిక్కులకి 1.4 మిల్ రావాలి. పావు ఎంఓఏ చొప్పున 14 తిప్పితే వచ్చేది మూడున్నర ఎంఓఏ. 1 మిల్‌కి 3.44 ఎంఓఏ కాబట్టి అది ఇంచుమించు 1 మిల్ మాత్రమే. అందుకే కిందికి. గీతలు ఒక భాషలో, టరెట్ ఇంకో భాషలో ఉన్న స్కోపుని నాకు అంటగట్టాడు. ఎస్ఎఫ్‌పీకి ఒక సుఖం ఉంది, జూమ్ ఎంత తగ్గించినా గీత సన్నబడదు. ఇందులో గీతే వెంట్రుకంత ఉంది కాబట్టి ఆ సుఖం కూడా నాకు దక్కలేదు.

ఇంటికొచ్చి ఫోటోలు పంపి ఫోన్ చేశాను. గొడవ పెట్టుకోలేదు. పొరపాటున వేరేది వచ్చినట్టుంది, మార్చండి అన్నాను. "ట్యూబ్ మీద రింగ్ మార్క్ పడింది. వాడిన సరుకు తీసుకోం" అన్నాడు. మీరే కదా ఫిట్ చేసి కాల్చి చూడమన్నది అన్నాను. "నేనెప్పుడన్నాను?" అన్నాడు. గొంతులో తడబాటు కూడా లేదు. ఎఫ్ఎఫ్‌పీ అని రెండుసార్లు చెప్పారు కదా అంటే, కాసేపు ఆగి ఈ మాటన్నాడు: "రెటికిల్ చదవడం రానివాడివి ఇంత పెద్ద స్కోపు ఎందుకు కొన్నావు?"

నిన్నటిదాకా "సార్" అన్న నోటితోనే "కొన్నావు" అన్నాడు. నేను అతని కంటే వయసులో పెద్దవాణ్ణి, అది అతనికీ తెలుసు. వెనక ఎవరో నవ్వారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడని అప్పుడు అర్థమైంది. నా డబ్బు తీసుకుని, నాకు తప్పుడు సరుకు పంపి, నలుగురి ముందు నన్ను చేతకానివాణ్ణి చేశాడు. డబ్బు పోతే మళ్ళీ కూడబెట్టుకుంటాను. ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోవడం లేదు.

అంతటితో ఆపాడా? "ఇంకొంచెం డబ్బు వేస్తే బీడీసీ రెటికిల్ ఉన్నది ఇస్తాను, నీ రైఫిల్‌కి కరెక్ట్‌గా సరిపోతుంది" అన్నాడు. నా తూటా బరువెంత, వేగమెంత, జీరో ఎన్ని మీటర్లకి చేస్తాను అని ఒక్క ముక్క అడగలేదు. బీడీసీ (ఏ దూరంలో తూటా ఎంత కిందికి పడుతుందో చూపే) గీతలు ఫలానా తూటా, ఫలానా వేగం, ఫలానా జీరో అనుకుని గీసినవి. అవి మారితే గీత ఒకచోట, తూటా ఇంకోచోట. స్కోపు ఎత్తు మారినా, చల్లగాలిలో జీరో చేసి కొండ మీద పల్చటి గాలిలో కాల్చినా తేడా వస్తుంది. ఏమీ అడక్కుండా కరెక్ట్‌గా సరిపోతుందన్నాడంటే దాని గురించి అతనికి తెలియదు, లేదా తెలిసే అంటున్నాడు. రెండిట్లో ఏదైనా అతని దగ్గర కొనకూడదు.

నా తప్పు లేదనను. ఇన్నేళ్ళుగా కాలుస్తున్నాను. చేత్తో పట్టుకుని జూమ్ రింగ్ తిప్పి ఉంటే పది సెకన్లలో తెలిసిపోయేది. లైటు లేదని కళ్ళారా చూసి కూడా మాట నమ్మి రింగులు బిగించాను. మోడల్ నంబర్ చివరి అక్షరాలు కంపెనీ జాబితాతో సరిపోల్చుకోలేదు. నాకంటే కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే నేనే ఇవన్నీ చెప్తాను, నా దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ చేయలేదు. అందుకు నామీద నాకే మండిపోతోంది.

కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. రెటికిల్ ఫోటో అతి తక్కువ జూమ్‌లోది ఒకటి, అతి ఎక్కువ జూమ్‌లోది ఒకటి అడగండి. ఎఫ్ఎఫ్‌పీయా ఎస్ఎఫ్‌పీయా, ఎస్ఎఫ్‌పీ అయితే గీతల కొలత ఏ జూమ్‌కి, క్లిక్ మిల్‌లోనా ఎంఓఏలోనా, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్ మాటలు వద్దు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. రింగులు బిగించకముందే స్కోపు చేత్తో పట్టుకుని, పొద్దు వాలాక ఏదైనా నల్లటి వస్తువు మీద గీత కనిపిస్తుందో లేదో చూడండి. 150 మీటర్ల లోపు వేట మాత్రమే చేసేవాళ్ళకి మామూలు డూప్లెక్స్ ఎస్ఎఫ్‌పీ హాయిగా సరిపోతుంది, వీళ్ళ మాటలకి పడి అక్కర్లేని గీతలకి డబ్బు పోయకండి.

ఇది రాస్తూ మధ్యలో అతని పేజీ తెరిచి చూశాను. అదే స్కోపు, అదే ఎర్ర చుక్క ఫోటో, ఇంకా అమ్మకానికి ఉంది. కింద ఎవరో "ఎఫ్ఎఫ్‌పీయేనా అన్నా?" అని అడిగారు. "అవును సార్, ఫోన్ చేయండి" అని జవాబు.