కౌన్సెలింగ్‌లో మాస్టర్స్: లైసెన్సు చేతికొచ్చాక నా సమీక్ష

అమెరికాలో క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసి, లైసెన్సు తెచ్చుకుని, కొన్నేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. ఈ చదువుకు మంచి మార్కులే వేస్తాను. కానీ అవి తరగతి గదికి కావు.

కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు అంటే 60 సెమిస్టర్ క్రెడిట్లు. సిద్ధాంతాలు, వ్యాధి నిర్ధారణ, వృత్తి నైతికత, గ్రూప్ కౌన్సెలింగ్, పరిశోధన పద్ధతులు. బాగానే చెబుతారు, అయితే వీటిలో చాలా భాగం శ్రద్ధ ఉన్నవారు సొంతంగా చదువుకోగలరు.

అసలు చదువు ప్రాక్టికమ్‌లో, అంటే పర్యవేక్షణలో క్లయింట్లను చూసే తొలి శిక్షణలో, మొదలవుతుంది. 100 గంటల్లో కనీసం 40 క్లయింట్లతో నేరుగా గడపాలి. తర్వాత ఇంటర్న్‌షిప్‌లో 600 గంటలు, నేరుగా 240. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సెషన్‌ను సూపర్‌వైజర్ పక్కన కూర్చుని వినాలి. రికార్డింగ్ ఆపి, "ఆమె మౌనంగా ఉంది కదా, మీరెందుకు మాట్లాడారు?" అని అడుగుతారు. ఏడుస్తున్న మనిషిని వెంటనే ఓదార్చాలనిపించడం వారి కోసమా, మన ఇబ్బంది తీర్చుకోవడానికా అన్నది అలాంటి ప్రశ్నల దగ్గరే తేలుతుంది. కట్టిన ఫీజుకు న్యాయం జరిగిందనిపించింది ఆ గంటల్లోనే.

నా ఫిర్యాదంతా డబ్బు గురించే. ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు, పైగా ఆ క్రెడిట్లకు ఫీజు నేనే కట్టాను. చోటు వెతుక్కునే పని కూడా నాకే వదిలేశారు. పట్టా వచ్చాకా కథ ముగియదు: చాలా రాష్ట్రాల్లో మరో 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేస్తేగానీ పూర్తి లైసెన్సు రాదు. సంస్థ సూపర్‌వైజర్‌ను ఇవ్వకపోతే ఆ ఖర్చూ మనదే. ఈ సంగతి కాలేజీ కరపత్రంలో చిన్న అక్షరాల్లో కూడా కనిపించలేదు!

లైసెన్సు పరీక్షల్లో ఎన్‌సీఈకి (నేషనల్ కౌన్సెలర్ ఎగ్జామినేషన్) 200 ప్రశ్నలు, లెక్కలోకి వచ్చేవి 160. జ్ఞాపకశక్తి ఉంటే గట్టెక్కవచ్చు. కేసుల ఆధారంగా సాగే మరో పరీక్ష ఎన్‌సీఎంహెచ్‌సీఈ (నేషనల్ క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ ఎగ్జామినేషన్) మాత్రం నిజమైన పనికి దగ్గరగా ఉంటుంది.

చేరేముందు ఏ రాష్ట్రంలో స్థిరపడతారో ఆలోచించుకోండి. ఇదే లైసెన్సు పేరు టెక్సస్‌లో ఎల్‌పీసీ, న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ, నార్త్ కరోలినాలో ఎల్‌సీఎంహెచ్‌సీ. పేర్లతోపాటు నిబంధనలూ మారతాయి. ఇంటర్న్‌షిప్ చోటు ఎవరు చూపిస్తారో, సెషన్లు ఎవరు వింటారో కాలేజీని ముందే అడగండి.

ఉద్యోగం సంగతి మెరుగవుతోంది. 2024 జనవరి నుంచి మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) మా సేవలకూ చెల్లిస్తోంది. అంతకుముందు, సొంతంగా ఫీజు కట్టుకోలేని వృద్ధులను వేరే చోటికి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు నా అపాయింట్‌మెంట్లలో వారే ఎక్కువ.