బీ హ్యాండిల్స్ మోజులో కొన్న రెండు వరసల రెక్క: కొన్ని సీజన్లు ఎగిరాక

ఈ పారాగ్లైడర్‌ని నేను కొన్నది గ్లైడ్ రేషియో (ఎంత ఎత్తు కోల్పోతే ఎంత దూరం పోతుందన్నది) చూసి కాదు, టాప్ స్పీడ్ చూసి అంతకన్నా కాదు. వెనక రైజర్లకి, అంటే పైలట్‌ని తాళ్లకి కలిపే బెల్టులకి, తగిలించిన రెండు చిన్న పిడుల కోసం. వాటినే బీ హ్యాండిల్స్ అంటారు. వాటి మీద మోజు ఇప్పటికీ తీరలేదని ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఒక సీజన్ మాత్రం ఆ మోజంతా దిగిపోయింది, అసలు కథ అదే.

కంపెనీ పేరు రాయను. రాస్తే మాట బ్రాండ్ల మీదకి పోతుంది, నేను చెప్పబోయేది ఈ తరగతిలో ఏ రెక్కకైనా జరిగేదే. ఈఎన్ డీ (యూరోపియన్ భద్రతా పరీక్షలో ఏ నుంచి డీ దాకా ఉన్న తరగతుల్లో చివరిది, అనుభవం ఉన్నవాళ్లకి) సర్టిఫికెట్ ఉన్న, ముందొకటి వెనకొకటి రెండే వరసల తాళ్ల రెక్క, అంతవరకు చాలు. సెల్స్ ఎన్ని, యాస్పెక్ట్ రేషియో ఎంత అన్నవి ఇలాంటివి కొనాలని చూసేవాళ్లకి ఈపాటికి కంఠతా వచ్చే ఉంటాయి.

నా పాత రెక్క మూడు వరసలది. హిమాచల్‌లోని బిల్లింగ్‌లో లేచి ధౌలాధార్ కొండల అంచు పట్టుకుని ధర్మశాల వైపు పోతుంటే, ఒక కొండ ముక్కు నుంచి ఇంకో ముక్కుకి దాటిన ప్రతిసారీ స్పీడ్‌బార్ (వేగం పెంచడానికి కాళ్లతో తొక్కే కడ్డీ) తొక్కాలి. తొక్కినప్పుడల్లా గుండెల్లో దడ. బార్ మీద ఉండగా బ్రేకు లాగితే వెనకంచు వంగి రెక్క ముక్కు ఇంకా దిగబడుతుంది, ముందంచు మడతపడే ప్రమాదం పెరుగుతుంది. అందుకని గాలి కాస్త కుదిపితే చాలు, కాళ్లు వదిలేసేవాణ్ణి. సర్దుకున్నాక మళ్లీ తొక్కేవాణ్ణి. రోజంతా అదే పని.

ఇందులో కాళ్లు బార్ మీదే ఉంటాయి, చేతులు బీ హ్యాండిల్స్ మీద. ముక్కు దిగబోతోందన్న సంగతి కంటికి కనపడకముందే చేతికి తెలుస్తుంది, హ్యాండిల్‌లో బిగువు ఒక్క క్షణం సడలుతుంది. అప్పుడు రెండు వేళ్ల వెడల్పు కిందకి లాగితే ముక్కు లేచి నిలబడుతుంది. వేగం పెద్దగా పోదు, గ్లైడ్ పాడవదు. మొదటి సీజన్‌లో పాలంపూర్ వెనక కొండల మీద సగం బార్ తొక్కి పట్టి, లాగుతూ వదులుతూ, కాళ్లు ఒక్కసారి కూడా తీయకుండా వెళ్లిన మధ్యాహ్నం తర్వాత పాత రెక్క అమ్మకానికి పెట్టేశాను.

ఇదెలా కుదిరిందంటే, తాళ్ల వరసలు రెండే కాబట్టి. గాల్లో మనల్ని వెనక్కి లాగే వాటిలో తాళ్ల వాటా కూడా చిన్నదేం కాదు. సన్నగా కనిపిస్తాయి గానీ మొత్తం కలిపితే వందల మీటర్లు. ఒక వరస తీసేయడమే పోటీ రెక్కల డిజైనర్లు వేసిన పెద్ద అడుగు. వరస తగ్గితే గుడ్డకి ఆనిక తగ్గి ఆకారం చెడుతుంది, దానికి లోపల ముందునుంచి వెనకదాకా సన్నటి ప్లాస్టిక్ కడ్డీలు పెట్టారు, కొందరు నిటినాల్ తీగ వాడారు. మూడో వరస లేకపోవడంతో బార్ తొక్కినా, బీ లాగినా రెక్క మధ్యలో విరగకుండా ఒక పలకలా వంగుతుంది. పిడులతో రెక్కని నడపడం అక్కడినుంచి వచ్చిందే.

2010 ప్రాంతంలో ఈ రెండు వరసల రెక్కలు పోటీల్లో మిగతావాటిని వెనక్కి నెట్టేశాయి. అప్పట్లో ఓపెన్ క్లాస్ అని ఉండేది, సర్టిఫికెట్ లేని రెక్కలతోనే పోటీ చేసేవాళ్లు. 2011లో స్పెయిన్‌లోని పియెద్రాహీటా ప్రపంచ పోటీల్లో ఇద్దరు పైలట్లు చనిపోయారు. పోటీ ఆపేశారు, ఓపెన్ క్లాస్‌ని పక్కన పెట్టారు. తర్వాత కొన్నేళ్లకి సీసీసీ అని పోటీ రెక్కలకి వేరే తరగతి వచ్చింది. 2015లో బిల్లింగ్‌లో ప్రపంచ కప్ జరిగిందే, అప్పటికి ముందువరసలో ఎగిరేవన్నీ రెండు వరసలవే. అదే నిర్మాణం మెల్లగా డీ తరగతిలోకి దిగింది, ఈ మధ్య సీలోకి కూడా. వారాంతపు పైలట్ చేతికి ఇలా వచ్చింది.

ఇక ఆ సీజన్ సంగతి. ఎప్పుడు మొదలైందో చెప్పలేను, ఒక్కరోజులో వచ్చింది కాదు. టేకాఫ్‌లో రెక్క పైకి వచ్చేటప్పుడు నెత్తి మీదకి రాకుండా కాస్త వెనకే వేలాడేది. గాలి తక్కువ ఉందేమో అనుకున్నాను. బార్ మీద హ్యాండిల్ బరువెక్కి, ఆ మాట్లాడే గుణం తగ్గింది. గాలి బాగా లేదేమో అనుకున్నాను. గాలి మీద నెపం వేయడం పైలట్లకి అలవాటే.

గుంటూరు కుర్రాడొకడు ఇదే రెక్క, ఇదే సైజుతో మాతో ఎగురుతాడు. ఒక అక్టోబరు మధ్యాహ్నం ఒకే ఎత్తు నుంచి ఇద్దరం ఒకేసారి ఒక లోయ దాటడం మొదలుపెట్టాం. సగం దూరం వచ్చేసరికి వాడు ముందూ, పైనా.

రేడియోలో గొంతు. "అన్నా, బార్ తొక్కట్లేదా?"

"కప్పీలు కలిసేదాకా తొక్కే ఉన్నాన్రా."

కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే నీ రెక్కకి ఏదో అయిందన్నా" అన్నాడు.

వాడు కొండ అంచుకి చెట్ల వరసకి పైన చేరాడు, రాబందులతో కలిసి తిరుగుతూ లేచిపోయాడు. నేను కింద చేరాను. అక్కడున్నది చిన్న, చిరిగిన థర్మల్ (పైకి లేచే వేడిగాలి). అందులో ఉండాలంటే చుట్టు బిగించాలి, లోపలి బ్రేకు లోతుగా పట్టాలి. ఈ రెక్కతో వందసార్లు చేసిన పనే. ఈసారి చెవుల పక్క గాలి హోరు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగింది. బ్రేకు చేతిలో మెత్తబడింది. రెక్క వెనక్కి జారుతోంది, ఎత్తు తగ్గితే మోగే వారియో ఏడుపు మొదలెట్టింది. చేతులు పైకి వదిలాను. మామూలుగా వెంటనే ముందుకి దూకి గాలి అందుకుంటుంది. ఇది వెంటనే దూకలేదు. నిద్రలేవడానికి బద్ధకించినట్టు కాసేపు ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా డైవ్ కొట్టింది. పట్టుకున్నాను. కొండకి దూరంగా ఉన్న వైపు జరిగింది కాబట్టి సరిపోయింది. నేరుగా లోయలోకి తిప్పి, మామూలుగా దిగే చౌగాన్ దాకా కూడా పోకుండా ఒక కోసేసిన పొలంలో దిగాను.

ఒళ్లు మండింది ఎందుకంటే, ఆ సీజన్ మొదట్లోనే దీన్ని చెక్ చేయించాను. గుడ్డ పోరాసిటీ (గాలి లీకవడం) బాగుంది, తాళ్ల బలం బాగుంది, కొలతలు పరిమితిలో ఉన్నాయి, కింద ముద్ర. ఎక్కడ చేయించానో అనవసరం. కాగితం తీసుకుని ఇంకో టెక్నీషియన్ దగ్గరికి పోయాను. అతను ముద్ర వైపు చూడలేదు, అంకెల పట్టీ అడిగాడు. తీరా చూస్తే నా కాగితంలో పట్టీయే లేదు. రైజర్లని హుక్కుకి తగిలించి, ఒక్కో తాడుకి ఐదు కిలోల లాగుడు పెట్టి, లేజర్‌తో రెండు వైపులా కొలవడం మొదలుపెట్టాడు. సాయంత్రం అయింది.

ముందు వరస, అంటే 'ఏ' అని పిలిచే తాళ్లు, అన్నీ ఏడెనిమిది మిల్లీమీటర్లు సాగాయి. వెనక వరస, అంటే 'బీ' తాళ్లు, తొమ్మిది దాకా కుంచించుకున్నాయి. పరిమితి పది. ఏ తాడుకి ఆ తాడు చూస్తే అన్నీ పాసే. కానీ రెక్క గాలికి పెట్టే కోణాన్ని నిర్ణయించేది ఏకీ బీకీ మధ్య తేడా, అది పదహారు పదిహేడుకి చేరింది. అంటే ఎవరో పైన కూర్చుని బీ హ్యాండిల్స్‌ని ఎప్పుడూ కాస్త లాగి పట్టుకున్నట్టే ఎగురుతున్నాను. ముక్కు ఎప్పుడూ లేచే ఉంది. అందుకే వేగం పోయింది, టేకాఫ్‌లో వెనక వేలాడింది, స్టాల్ (రెక్క ఎగరడం మానేసే స్థితి) దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఇందులో తయారీదారు తప్పేమీ లేదు. బరువులో ఎక్కువ భాగం ముందు వరసే మోస్తుంది కాబట్టి అది సాగుతుంది, బరువు తక్కువున్నది ముడుచుకుంటుంది. అది తెలిసే చాలామంది వెనక తాళ్లకి, రైజర్‌కి కలిపే క్విక్‌లింక్ దగ్గర, ఒక అదనపు చుట్టు వేసి పంపుతారు, తర్వాత విప్పుకోమని. టెక్నీషియన్ ఆ చుట్లు విప్పాడు, ఒక్కో చుట్టుకి సెంటీమీటరు అటూ ఇటూ. మళ్లీ కొలిచాడు. మర్నాడు పొద్దున బిల్లింగ్‌లో రైజర్లు ఎత్తగానే రెక్క నా నెత్తి మీదుంది. ఆ రోజు గుంటూరు కుర్రాడితో సమానంగా వెళ్లాను. హ్యాండిల్స్‌లో మాట తిరిగొచ్చింది.

కాబట్టి పైన బీ హ్యాండిల్స్ గురించి రాసింది నిజమే, తాళ్ల కొలతలు సరిగ్గా ఉన్నంతకాలం. మూడు వరసల రెక్కలో ఇంత తేడా వచ్చినా అది మొద్దుగా ఎగిరిపోయేది, నేను గమనించేవాణ్ణి కూడా కాదేమో. ఇందులో మిల్లీమీటర్లకి కూడా రెక్క స్వభావం మారిపోతుంది.

ఇంకొకటి. మధ్యాహ్నం బలమైన థర్మల్ అంచుల్లో రెండు వేళ్లు చాలవు, మోచేతుల దాకా లాగాలి, గంట దాటితే భుజాలు పట్టేస్తాయి. మరీ లాగితే స్టాల్ ఎదురు చూస్తూ ఉంటుంది. కిందకి దిగాలంటే ఇంకో తలనొప్పి. ముందు వరసలో బయటి తాళ్లు లాగి, చెవులు అని పిలిచే రెక్క చివర్లు మడవబోతే అవి కొట్టుకుంటాయే తప్ప బుద్ధిగా మడతపడవు. సర్టిఫికెట్ పరీక్షలో మడతలు పెట్టడానికి ఫోల్డింగ్ లైన్లని అదనపు తాళ్లు కడతారు, మన రెక్కకి అవి ఉండవు. అందుకని పరీక్షలో చూపించిన మడతే గాల్లోనూ వస్తుందని లెక్క వేసుకోకండి. కడ్డీలు వంగకుండా పొడవాటి సంచిలో వరసగా పేర్చి మడవాలి, ఆ సంచితో హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లడం ఒక ప్రహసనం.

నేను మాత్రం ఉంచుకుంటున్నాను. కాకపోతే నా లెక్క వేరు. అక్టోబరు, నవంబరుల్లో సెలవు పెట్టి, వేసవి ముందు ఇంకోసారి బిల్లింగ్ కింద ఉన్న బిర్ వెళ్తాను, అక్కడ కొలిచే మనిషి ఇప్పుడు దొరికాడు. రెక్కకి చెప్పిన బరువు రేంజ్‌లో పైసగంలో ఉంటాను, అందుకే ఇది నా కింద బిగువుగా ఎగురుతుంది. పుణె దగ్గర కామ్‌షెట్‌లో వారాంతాల్లో గుట్ట మీద అటూ ఇటూ ఎగిరే నా పాత స్నేహితుడికైతే వద్దనే చెప్పాను. వాడికి సీ తరగతిలో కొత్తగా వస్తున్న రెండు వరసలవి చాలు, బహుశా రెండేళ్లలో నాకూ అవే చాలేమో.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు మాత్రం చెక్ కాగితంతో పాటు ప్రతి తాడు కొలతా ఉన్న పట్టీ అడగండి, ఏ వరసకీ బీ వరసకీ తేడా మీరే కూడి చూసుకోండి. పట్టీ లేదంటే కొలిపించే ఖర్చు ధరలో తగ్గించమనండి.