గొర్రెల ఫామ్‌లో వీకెండ్: వడకడమా, ఫెల్టింగా, పెగ్ లూమా?

పోయిన సెప్టెంబర్‌లో మేం నలుగురం ఫ్రెండ్స్ ఇంగ్లండ్ వాయవ్యాన కొండల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో, ఉన్ని పనులు నేర్పే ఒక గొర్రెల ఫామ్‌కి వెళ్లొచ్చినప్పట్నుంచి మాంచెస్టర్, లీడ్స్ వైపు ఉండే మనవాళ్లు అడిగేది ఒకటే, అక్కా రెండు రోజులే కదా, బుక్ చేసేటప్పుడు ఏది పెట్టుకోమంటావ్ అని. నేను వడకడం, ఫెల్టింగ్, పెగ్ లూమ్ మూడూ చేశాను కాబట్టి నాకు అనిపించింది చెప్తా.

ముందు వడకడం. అంతకు ముందేడు నేను వెళ్లింది దీనికే. రాట్నం అయితే తొక్కే కాలూ, ఉన్ని వదిలే చేయీ, లాగే చేయీ అన్నీ ఒకేసారి కుదరాలి, చేతి కదురు అయితే తిప్పి వదిలేలోపే పోగు తెగి టక్కున కింద పడుతుంది, మళ్లీ ఏకు అతికించి మొదట్నుంచి. రెండో రోజు మధ్యాహ్నానికి గానీ చేతికి పట్టు రాలేదు, ఇంటికి తెచ్చుకుంది పిడికెడంత ఉండ. చిన్నప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర మా ఊర్లో కురుమోళ్ల అరుగు మీద అవ్వలు నల్ల ఉన్ని వడుకుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్లు, గొంగడి అంటే ఇప్పటికీ నాకు ఆ ఉన్ని వాసన, చింతగింజల గంజి పెట్టిన ఆ బిరుసే గుర్తొస్తాయి. కానీ ఆ అవ్వలవి ఏళ్ల తరబడి వడికిన చేతులు. మనం రెండు రోజులకి వెళ్తే చూపంతా పోగు మీదే ఉంటుంది, పక్కనున్న ఫ్రెండ్‌తో ఒక్క మాట కూడా సాగదు. ఒక్కరే వెళ్లేటట్టయితే, లేదా నిజంగా నేర్చుకుని తర్వాత ఇంట్లో కొనసాగించేటట్టయితే మాత్రం వడకడమే తీసుకోండి.

ఫెల్టింగ్, అంటే ఉన్నిని వడకకుండా, నేయకుండా గుడ్డలా గట్టిపరచడం, తేలిక. ఉన్నిని పొరలు పొరలుగా అడ్డంగా నిలువుగా పరిచి, గోరువెచ్చని సబ్బునీళ్లు చల్లి, రుద్ది, చుట్టి దొర్లిస్తే గట్టిపడి, పరిచినదాంట్లో మూడో వంతు దాకా తగ్గిపోతుంది, పూటలో చిన్న సంచీ తయారు. పిల్లలు వెంట ఉంటే ఇదే బెస్ట్. నాకు నచ్చనిది ఏంటంటే అక్కడి కొండ గొర్రెలు హెర్డ్‌విక్ జాతివి, వాటి ఉన్ని ముతక, అందుకని ఫెల్టింగ్‌కి బయట కొన్న మెత్తటి రంగుల ఉన్ని ఇస్తారు. కిటికీ అవతల గొర్రెలు మేస్తుంటే చేతిలో వేరే ఎక్కడిదో ఉన్ని!

ఇక పెగ్ లూమ్, చాపలు నేసే చిన్న చెక్క మగ్గం. చెక్క దిమ్మకి వరసగా కన్నాలు, వాటిలో చిన్న చిన్న కర్రలు, ఒక్కో కర్ర అడుగున బెజ్జంలోంచి పడుగు దారం. వడికిన నూలు అక్కర్లేదు, కత్తిరించిన ఉన్నినే కొద్దికొద్దిగా లాగి మెలితిప్పుకుంటూ కర్రల మధ్య ముందుకీ వెనక్కీ చుట్టుకుంటూ పోవడమే, నిండగానే కర్ర పైకి లాగి ఉన్నిని దారం మీదకి దించేయాలి. పావుగంటలో వచ్చేస్తుంది. హెర్డ్‌విక్ పిల్ల నల్లగా పుడుతుంది, మొదటి కత్తిరింపుకి ముదురు గోధుమ రంగు, వయసు పెరిగేకొద్దీ బూడిద రంగు. నేను ఆ మూడు రంగులూ చారలుగా వేశాను, అద్దకం లేకుండానే. జిడ్డు తీయని ఉన్ని కదా, సాయంత్రానికి అరచేతులు నూనె రాసినట్టు మెత్తగా అయ్యాయి.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదే: పని చేస్తూ మాట్లాడుకోగలమా లేదా. మాలో ఒకామె వాళ్లమ్మ పోయాక వనపర్తిలో ఇల్లు అమ్మాలా ఉంచాలా అన్నది ఆరు నెలలుగా ఎవ్వరితోనూ తేల్చి చెప్పలేదు, ఫోన్‌లో అడిగితే మాట మార్చేసేది. అక్కడ ఉన్ని చుడుతూ చుడుతూ తనే మొదలుపెట్టింది. అందరి కళ్లూ కర్రల మీదే, ఎవరూ తన మొహంలోకి చూడట్లేదు, చేతులు ఆగట్లేదు, గంటన్నర మాట్లాడింది. వడికేటప్పుడు ఇది కుదిరేది కాదు, ఫెల్టింగ్‌లో రుద్దీ రుద్దీ ఆయాసమే సరిపోతుంది.

ఇంకోటి, ఈ ముతక ఉన్ని అమ్మితే గొర్రె కత్తిరించిన కూలీ కూడా గిట్టట్లేదని ఆ ఫామ్ ఇంటావిడ బాధపడింది. పెగ్ లూమ్ తీసుకుంటే వాళ్ల ఉన్నికే మనం డబ్బులిచ్చినట్టు, అది నాకు చాలా నచ్చింది.

అల్లికలు ఇంట్లో కూడా చేసుకోవచ్చు, దానికి అంత దూరం ఎందుకు. ఉల్లిపొట్టు రంగులు వేయడం బాగుంటుంది గానీ ఉడకబెట్టడం, ఆరబెట్టడంతోనే రోజు గడిచిపోతుంది.

ఏప్రిల్, మేలో వెళ్లకండి, అది గొర్రెలు ఈనే టైమ్, ఫామ్ వాళ్లకి తినడానికే తీరిక ఉండదు. జులైలో కత్తిరిస్తారు కాబట్టి ఆగస్ట్, సెప్టెంబర్ అయితే కొత్త ఉన్ని దొరుకుతుంది. పాత బట్టలు పెట్టుకోండి. పులిహోర డబ్బా కూడా, చుట్టుపక్కల కొట్లు ఉండవు. తెచ్చుకున్న చాపని గోరువెచ్చని నీళ్లలో ఊరికే నానబెట్టి తీయండి, రుద్దితే అట్టకట్టేస్తుంది. నాది రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు వచ్చింది, దాదాపు ఒక గొర్రె ఉన్ని అంతా పట్టింది. గొర్రె వాసన పోవడానికి రెండు వారాలు పట్టింది గానీ ఇప్పుడు పొద్దున దీపం పెట్టాక దాని మీదే కూర్చుంటున్నా.